గ్లూటెన్ రహిత బ్రెడ్డు

గ్లూటెన్ రహిత బ్రెడ్డు అనగా గోధుమ, బార్లీ, రై ధాన్యాలు వాడకుండా, ఇతర పిండ్లను ఈస్టుతో పులియబెట్టి కాల్చిన రొట్టె. ఇది ముఖ్యంగా సీలియాక్ వ్యాధి ఉన్నవారికి అవసరమైన ఆహారం. ఈ వ్యాధిలో గ్లూటెన్ తిన్నపుడు శరీర రక్షణ వ్యవస్థ చిన్నప్రేవులోని ఆంత్రచూషకాలను దెబ్బతీస్తుంది. అందువలన పోషకాలు ఒంటబట్టవు. జీవితాంతం గ్లూటెన్‌ను మానివేయడమే దీనికి ప్రధాన చికిత్స.

చరిత్ర

పూర్వం ఈ వ్యాధి ఉన్న పిల్లలకు అరటిపండ్లతో కూడిన పథ్యం పెట్టేవారు. నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విలెం కారెల్ డికే (1905-1962) ఈ పిల్లలకు గోధుమ హాని చేస్తుందని 1950లో తన పరిశోధనా గ్రంథంలో చూపించాడు.

గ్లూటెన్ పాత్ర

గోధుమపిండిని నీటితో పిసికినపుడు గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు కలిసి సాగే గుణం గల వలగా ఏర్పడతాయి. ఈస్టు విడుదల చేసే బొగ్గుపులుసు వాయువు ఆ వలలో చిక్కుకొనగా ముద్ద పొంగుతుంది. బియ్యప్పిండి, జొన్నపిండిలో ఇటువంటి వల ఏర్పడదు. జొన్నరొట్టెను పొంగించనవసరం లేదు కనుక వేడినీటితో పిండి కలుపుట వలన వచ్చే జిగురే దానికి చాలును. బ్రెడ్డుకు మాత్రం వాయువును పట్టి ఉంచే పదార్థం వేరుగా కలపాలి. ఇందుకు ఇసబ్గోలు పొట్టు, జాంథాన్ గమ్ వంటివి వాడతారు. ఇసబ్గోలు పంట గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాలలో విస్తారంగా పండుతుంది.

కావలసిన పదార్థాలు

* బియ్యప్పిండి - 200 గ్రాములు
* జొన్నపిండి - 150 గ్రాములు
* కర్రపెండలం పిండి - 150 గ్రాములు
* ఇసబ్గోలు పొట్టు - 25 గ్రాములు
* పొడి ఈస్టు - 7 గ్రాములు
* చక్కెర - 15 గ్రాములు
* ఉప్పు - 8 గ్రాములు
* నూనె - 30 మిల్లీలీటర్లు
* గోరువెచ్చని నీరు - సుమారు 480 మిల్లీలీటర్లు

తయారు చేసే విధానం

# కొద్ది నీటిలో చక్కెర, ఈస్టు కలిపి నురుగు వచ్చేవరకు ఉంచాలి.
# మిగిలిన నీటిలో ఇసబ్గోలు పొట్టును కలిపి, జిగురుగా మారేవరకు కొన్ని నిమిషాలు నాననివ్వాలి.
# పిండ్లు, ఉప్పు, నూనెలతో వీటిని బాగా కలపాలి. ఈ ముద్ద చపాతీ పిండికంటె మెత్తగా, అంటుకొనేదిగా ఉంటుంది. పొడిపిండి చేర్చి గట్టిపరచరాదు.
# నూనె రాసిన అచ్చులో వేసి, మూతపెట్టి, సుమారు ఒకటిన్నర రెట్లు పొంగేవరకు ఉంచాలి. గోధుమ ముద్దవలె దీనిని రెండుసార్లు పొంగించనవసరం లేదు.
# ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు ఒక గంట కాల్చాలి. లోపలి ఉష్ణోగ్రత 97 డిగ్రీలకు చేరితే ఉడికినట్లే.
# పూర్తిగా చల్లారిన తరువాతనే కోయాలి. వేడిగా కోసినచో లోపలి భాగం జిగటగా ఉంటుంది.

జాగ్రత్తలు

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం, గ్లూటెన్ రహితమని పేర్కొనే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. జొన్నలలో సహజంగా గ్లూటెన్ లేకపోయినప్పటికీ, గోధుమలు ఆడించిన పిండిమరలోనే వాటిని ఆడిస్తే ఆ పిండి సీలియాక్ రోగులకు సురక్షితం కాదు. గింజలను శుభ్రపరచి ఇంటిలో గోధుమ తగలని మిక్సీలో పొడిచేసుకొనుట, లేదా పరీక్షించి ముద్ర వేసిన పిండిని కొనుట మేలు. జల్లెడ, అచ్చు, పీట వంటి వాటిని కూడా గోధుమపిండికి వాడరాదు. రొట్టె ఎంత చక్కగా పొంగినా ఈ జాగ్రత్త లోపిస్తే దాని ప్రయోజనం నెరవేరదు.

ఇవి కూడా చూడండి

* గోధుమ
* జొన్న
* ఈస్టు