తుపాకీ కన్నా ముందు కాగితం పదిలం
లైసెన్సు పత్రాల విషయంలో ఏమరుపాటు వద్దు. గడువు మీరితే ఇంట్లోని ఆయుధమే నేరానికి ఆధారం

పొలం కాపలాకు తాతల నాటి సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉంచుకున్న రైతు, బ్యాంకు ద్వారం వద్ద నిలబడే మాజీ సైనికుడు, ఆత్మరక్షణ కోసం రివాల్వర్ పొందిన వ్యాపారి. వీరంతా తుపాకీకి నూనె పెట్టి, తుడిచి, బీరువాలో దాచుకునేవారే. దాని లైసెన్సు ఎక్కడుంది, గడువు ఎప్పటితో ముగుస్తుంది అని అడిగితే వెంటనే జవాబు చెప్పగలిగేవారు తక్కువ. నేరం చేసే తలంపు ఏ కోశానా లేని మనిషి సైతం ఒక్క తేదీ మరచిపోయిన కారణంగా ఆయుధాల చట్టం కింద నిందితుడిగా నిలబడాల్సి రావచ్చు. అందుకే ఈ పత్రాలను వెంట ఉంచుకోవడం, ఇంట్లో భద్రపరచుకోవడం గురించి లైసెన్సుదారుడితో పాటు అతని కుటుంబ సభ్యులూ తెలుసుకోవడం అవసరం.

చట్టం ఇదీ

ఆంగ్లేయుల కాలంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం స్థానంలో స్వతంత్ర భారత పార్లమెంటు 1959లో కొత్త చట్టాన్ని ఆమోదించింది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నిబంధనల స్థానంలో 2016లో కొత్త ఆయుధ నిబంధనలు వచ్చాయి. చట్టానికి 2019లో చేసిన సవరణ అదే ఏడాది డిసెంబరు 14 నుంచి అమలవుతోంది. సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ తుపాకీని గాని, తూటాలను గాని కలిగి ఉండరాదు.

సాధారణ తరగతి తుపాకులకు జిల్లా మెజిస్ట్రేటు హోదాలో కలెక్టరు లైసెన్సు ఇస్తారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి కమిషనరేట్ల పరిధిలో పోలీసు కమిషనరుకు ఈ అధికారం ఉంటుంది. నిషేధిత తరగతి ఆయుధాలకు అనుమతి కేంద్ర హోం శాఖ నుంచే రావాలి. 2019 సవరణకు ముందు ఒక వ్యక్తి మూడు తుపాకుల వరకు ఉంచుకునే వీలుండగా, సవరణతో ఆ పరిమితి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చిన తుపాకీ సైతం ఈ లెక్కలోకే వస్తుంది.

లైసెన్సులో ఏమేం సరిచూసుకోవాలి

లైసెన్సు చేతికి అందిన రోజే ప్రతి వివరాన్నీ సరిచూసుకోవడం ఉత్తమం. పేరు, ఫొటో, చిరునామా, తుపాకీ రకం, బోరు, దానిపై చెక్కిన నంబరు, కొనుగోలు చేయదగిన తూటాల సంఖ్య, లైసెన్సు చెల్లుబాటయ్యే ప్రాంతం, గడువు తేదీ అందులో ఉంటాయి. జాతీయ ఆయుధ లైసెన్సుల సమాచార నిధిలో నమోదైన విశిష్ట గుర్తింపు సంఖ్య, అనగా యూఐఎన్, తప్పనిసరిగా ఉండాలి. ఆ సంఖ్య లేని పాత లైసెన్సు చెల్లదు.

తుపాకీపై ఉన్న నంబరుకు, లైసెన్సులోని నంబరుకు ఒక్క అంకె తేడా వచ్చినా తనిఖీలో చిక్కు తప్పదు. కొనుగోలు సమయంలో డీలరు దుకాణంలోనే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. తూటాలు కొన్న ప్రతిసారీ ఆ వివరాలు నమోదయ్యాయో లేదో గమనించి, బిల్లును జాగ్రత్త చేయాలి.

వెంట తీసుకెళ్లేటప్పుడు

తుపాకీతో ఇల్లు దాటితే అసలు లైసెన్సు వెంట ఉండాల్సిందే. సెక్షన్ 19 ప్రకారం ఆయుధం ధరించిన వ్యక్తిని లైసెన్సు చూపమని ఏ పోలీసు అధికారి అయినా అడగవచ్చు. చూపలేకపోతే పేరు, చిరునామా చెప్పమని కోరవచ్చు, అవసరమనుకుంటే ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. పేరు చెప్పడానికి నిరాకరించినా, తప్పుడు వివరాలు ఇచ్చినట్లు లేదా పారిపోయే ఉద్దేశం ఉన్నట్లు అనుమానం కలిగినా వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఉంది. జిరాక్సు ప్రతి, ఫోనులోని ఫొటో వివరాలు గుర్తు చేసుకోవడానికి ఉపకరిస్తాయే గాని అసలు పత్రానికి బదులుగా వాటిని నమ్ముకోవడం క్షేమం కాదు.

జిల్లా దాటేవారు లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ముందే చూసుకోవాలి. సొంత రాష్ట్రానికి పరిమితమైన లైసెన్సుతో సరిహద్దు దాటితే నేరమవుతుంది. తెలుగు రాష్ట్రాలు రెండైన 2014 జూన్ 2 తర్వాత ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. బంధువుల ఊరు పది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా అది వేరే రాష్ట్రం కావచ్చు.

బహిరంగ ప్రదేశాల్లో చిన్న తుపాకీని ఒరలో, పొడవాటి తుపాకీని దానికి తగిన సంచిలో ఉంచాలి. ప్రత్యేక అనుమతి లేనిదే జాతరకు, మతపరమైన ఊరేగింపునకు, బహిరంగ సభకు, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకెళ్లరాదన్నది లైసెన్సులోని షరతు. పెళ్లి ఊరేగింపులో సరదాకు పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించే నిబంధన 2019 సవరణతో వచ్చింది.

పంట రక్షణ కోసం లైసెన్సు పొందిన రైతులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి జంతువులను కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం విడిగా వర్తిస్తుంది.

ఇతరుల చేతికి ఇవ్వవచ్చా

తమ్ముడే కదా, పాలేరే కదా అని తుపాకీ చేతికివ్వడం పల్లెల్లో తరచూ జరిగే పొరపాటు. లైసెన్సు వ్యక్తికి ఇచ్చినది, ఇంటికి ఇచ్చినది కాదు. అయితే చట్టం ఒక వెసులుబాటు కల్పించింది. మరమ్మతు కోసమో, లైసెన్సు పునరుద్ధరణ కోసమో, లైసెన్సుదారుడు ఉపయోగించుకోవడానికో మరొకరు ఆ తుపాకీని మోసుకెళ్లవచ్చు. అందుకు లైసెన్సుదారుడు పక్కన ఉండాలి లేదా అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. నడవలేని పెద్దాయన తరఫున కుమారుడు కలెక్టరేట్‌కు తుపాకీ తీసుకెళ్తుంటే తేదీ, పని, తుపాకీ నంబరు రాసి సంతకం చేసిన లేఖ, దానితోపాటు అసలు లైసెన్సు అతని వద్ద ఉండాలి. నోటిమాట అనుమతి తనిఖీలో నిలవదు.

కలిగి ఉండటం అంటే చేతిలో పట్టుకోవడం మాత్రమే కాదని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో స్పష్టం చేసింది. ఆయుధం ఉందని తెలిసి, దానిపై అదుపు ఉంటే, అది మరొకరి వద్ద ఉన్నా కలిగి ఉన్నట్లే. బంధువు ఇంట్లో దాచినంత మాత్రాన బాధ్యత తప్పదు.

ఇంట్లో భద్రపరిచే విధానం

లైసెన్సు కోరేవారు ఆయుధాన్ని సురక్షితంగా ఉంచుతామని హామీ పత్రం ఇవ్వాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. తుపాకీని తూటాలు తీసివేసి, పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. తూటాలను వేరొక చోట తాళంలో పెట్టడం మంచిది.

లైసెన్సును తుపాకీతో పాటు ఒకే పెట్టెలో ఉంచడం చాలామందికి అలవాటు. దొంగ పడితే రెండూ ఒకేసారి పోతాయి. అప్పుడు తుపాకీ నంబరు సైతం చెప్పలేని స్థితి ఏర్పడుతుంది. అసలు లైసెన్సును వేరే బీరువాలో ఉంచి, అన్ని పేజీల జిరాక్సు ప్రతులు మరొక చోట దాచాలి. తుపాకీ నంబరు, యూఐఎన్, గడువు తేదీలను ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. మట్టిమిద్దెలు, పెంకుటిళ్లలో చెదలు, వాన చెమ్మ కాగితాలకు ప్రధాన శత్రువులు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, గోడకు ఆనించకుండా ఎత్తున ఉంచాలి.

లైసెన్సుతో పాటు దాచాల్సినవి మరికొన్ని ఉన్నాయి. కొనుగోలు బిల్లు, పునరుద్ధరణ రుసుము చెల్లించిన చలానా, దరఖాస్తు అందినట్లు కార్యాలయం ఇచ్చిన రసీదు, పోలీసు స్టేషనులో ఆయుధం అప్పగించిన ప్రతిసారీ తీసుకున్న రసీదు ఒకే కట్టలో ఉండాలి.

గడువు ముగిసేలోగా

2019 సవరణకు ముందు మూడేళ్లుగా ఉన్న లైసెన్సు కాలపరిమితి ఇప్పుడు ఐదేళ్లు. గడువుకు కనీసం 60 రోజుల ముందుగా పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. గడువు ముగిసినా, లైసెన్సు రద్దయినా సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా తుపాకీని సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించి రసీదు పొందాలి. అప్పగించకపోవడం కూడా నేరమే.

నివాసం మారి తుపాకీని వెంట తీసుకెళ్లినవారు 30 రోజుల్లోగా కొత్త ప్రాంతంలోని లైసెన్సు అధికారికి తెలియజేయాలి. తెలంగాణలో 2016 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి జిల్లాల పునర్విభజన జరిగింది. ఇల్లు మారకున్నా జిల్లా మారినవారు తమ దస్త్రం ప్రస్తుతం ఏ కలెక్టరేట్‌లో ఉందో గడువు దగ్గర పడక ముందే విచారించుకోవాలి.

ఎన్నికల వేళ

ఎన్నికల ప్రకటన వెలువడగానే జిల్లా స్థాయి కమిటీ లైసెన్సులను సమీక్షించి, అవసరమైనవారి ఆయుధాలను అప్పగించమని ఆదేశిస్తుంది. ఆదేశం అందినవారు అప్పగించి రసీదు తీసుకోవాలి. అందులో తుపాకీ నంబరు, తూటాల సంఖ్య, తేదీ, అధికారి సంతకం ఉన్నాయో లేదో అక్కడే చదువుకోవాలి. ఫలితాల తర్వాత తిరిగి తీసుకునేందుకు ఆ రసీదే ఆధారం. పోలింగు కేంద్రం పరిసరాలకు ఆయుధంతో వెళ్లడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 134బి నిషేధిస్తోంది. లైసెన్సు ఉందన్నది అక్కడ సమాధానం కాదు.

పోతే, అమ్మితే

తుపాకీ గాని, తూటాలు గాని పోయినా, దొంగతనానికి గురైనా వెంటనే సమీప పోలీసు స్టేషనుకు తెలపడం లైసెన్సుదారుడి బాధ్యత. లైసెన్సు పత్రం పోయినప్పుడు సైతం ఫిర్యాదు చేసి, ఆ ప్రతితో నకలు కోసం దరఖాస్తు చేసుకోవాలి. సొంత తుపాకీని అర్హత గల వ్యక్తికి అమ్మదలిస్తే ముందుగా జిల్లా మెజిస్ట్రేటుకు లేదా సమీప పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఆ సమాచారం ఇచ్చినట్లు రసీదు లేకుంటే, తుపాకీ చేతులు మారాక ఏం జరిగినా మొదటి యజమాని గుమ్మం వద్దకే పోలీసులు వస్తారు.

యజమాని మరణిస్తే

ఎక్కువ కుటుంబాలు ఇబ్బంది పడేది ఇక్కడే. ఇంటి పెద్ద మరణించాక కర్మకాండలు, ఆస్తి పంపకాలు పూర్తయినా అటక మీది తుపాకీ ఎవరికీ గుర్తు రాదు. ఆయనతో పాటే లైసెన్సు హక్కు కూడా ముగిసిందన్న విషయం భార్యకు, పిల్లలకు తెలియదు. ఏళ్ల తర్వాత తనిఖీలో బయటపడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది వారే. మరణ ధ్రువీకరణ పత్రం, పాత లైసెన్సుతో వెళ్లి తుపాకీని స్టేషనులో లేదా డీలరు వద్ద అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత అర్హత గల వారసుడు తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, తుపాకీ పొంది 25 ఏళ్లు గడిచినా జీవించి ఉండగానే వారసుడి పేరిట కోరే వీలు 2016 నిబంధనల్లో ఉంది. వృద్ధులు ఈ అవకాశాన్ని వాడుకుంటే వెనుకటివారికి చిక్కులుండవు.

శిక్షలు ఇలా

లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉంటే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. లైసెన్సు షరతులు ఉల్లంఘిస్తే, చట్టంలో వేరే శిక్ష చెప్పని సందర్భాల్లో, ఆరు నెలల వరకు జైలు గాని, రెండు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. సెక్షన్ 3 కింద విచారణ మొదలు కావాలంటే జిల్లా మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి అవసరం. అంతవరకు వచ్చాక అసలు పత్రాలు, రసీదులు తేదీల వారీగా చూపగలిగిన వ్యక్తికి, మరచిపోయానని చెప్పే వ్యక్తికి ఉన్న తేడా అధికారికి వెంటనే తెలుస్తుంది.

లైసెన్సుదారులు నేడే బీరువా తెరిచి గడువు తేదీ చూసుకోవాలి. ఆ తేదీని, పత్రాలున్న చోటును ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచాలి.