రాత్రి యంగడి – బాటసారి కూడు



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము, రాత్రివేళ వీధులలో వండి విక్రయించు తినుబండారముల చరిత్ర. ఈ మాట వినినతోడనే మీలో కొందరు మొగము చిట్లింతురని యెరుగుదును. “వీధికూడు తినుట మన యింటా వంటా లేదు, పట్టణములు పెరిగిన పిదప పుట్టిన చెడుగు ఇది” యను మాట మన రచ్చబండలయొద్ద తరచుగా వినబడుచుండును. ఈ మాట చరిత్ర యెదుట నిలుచునో నిలువదో విచారించుటయే నా యుద్దేశము.

మొదట నిఘంటువును చూతము. మనలో బాల్యమున అమరము వల్లించినవారు ఇంకను కొందరుందురు. అమరసింహుడు వైశ్యవర్గమునందు ఆపూపికుడు, కాందవికుడు, భక్ష్యకారుడు అను మూడు పదములను ఒకే యర్థమున చెప్పినాడు. అపూపమనగా అప్పము, కందువనగా వేపుడు మూకుడు. అప్పములు చేయువాడును, మూకుటిలో వేయించువాడును నిఘంటువున కెక్కినారనగా, ఆ వృత్తి అప్పటికే లోకమున స్థిరపడియుండవలెను. అర్థశాస్త్రమున కౌటిల్యుడును వండిన యన్నము విక్రయించు ఔదనికుని, వండిన మాంసము విక్రయించు పాక్వమాంసికుని పేర్కొని, వారు తమకు పరిచితులైనవారికి బస యిచ్చుటను గూర్చి నియమము చెప్పినాడు. కావున అన్నవిక్రయము నిన్న మొన్న పుట్టినది కాదు.

అయినచో రాత్రి యంగడి మాటేమి? ఇక్కడ నొక చిక్కు గలదు. పూర్వము రాత్రి తలవరులది. కౌటిల్యుని నగరమున రాత్రి యామతూర్యము మ్రోగిన పిమ్మట, మరల తెల్లవారుజామున మ్రోగువరకు జనులు వీధిని సంచరింపరాదు. అయినను కొందరిని పట్టుకొనరాదని యాతడే విధించినాడు. పురుటింటికి పోవువారు, వైద్యులు, శవమును మోసికొనిపోవువారు, దీపము చేతబట్టి నడచువారు, అగ్నిప్రమాదమునకు పరుగిడువారు, వీరితోబాటు ప్రేక్షకై, అనగా ఆటపాటలు చూచుటకై పోవువారు. ఈ కడపటి మినహాయింపును జ్ఞాపకముంచుకొనుడు. రాత్రిని జనులకు తెరచిన తాళపుచెవులలో ఇది యొకటి.

చీనాదేశమునను ఇట్టిదే జరిగినది. అచ్చట చిరకాలము రాత్రి సంచారము నిషిద్ధమై యుండగా, సుంగ్ వంశపు తొలి చక్రవర్తి 965వ సంవత్సరమున, మూడవ జాము లోపల రాజధానియందలి రాత్రి యంగళ్లను నిషేధింపవలదని యాజ్ఞాపించెను. పిదప కైఫెంగ్ నగరపు రాత్రి వీధులు, అందలి తినుబండారములు గ్రంథములకెక్కునంతటి ప్రసిద్ధి గాంచినవి.

మన తెలుగు రాజ్యముల సంగతి చూడుడు. కృష్ణదేవరాయల కాలమున, సుమారు 1520 ప్రాంతమున, విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఒక వీధియందు ప్రతిదినము సాయంకాలము సంత జరుగుచుండెననియు, అందు గుఱ్ఱములు, నిమ్మ, నారింజ, ద్రాక్ష మున్నగు పండ్లు, కూరగాయలు, వంటచెరకు అమ్ముచుండిరనియు వ్రాసినాడు. అంతకు పూర్వమే పుట్టిన క్రీడాభిరామమున ఓరుగంటి వీధులలో తిరుగు ఇరువురు మిత్రులకు పూటకూటింట భోజనము దొరకినది. కాచిన యావునెయ్యి, పెసరపప్పు, పంచదార, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు. వెల యొక రూక. ఆ తిన్నవారిలో నొకడు బ్రాహ్మణుడు, పూటకూలిల్లును బ్రాహ్మణునిదే. కవి యిందుకు సిగ్గుపడలేదు సరికదా, రుచికరముగా వర్ణించినాడు. “మన యింటా వంటా లేదు” అనువారికి ఇంతకన్న ప్రత్యుత్తరము వేరు కావలెనా?

ఇక మన గౌతమీతీరమునకు వత్తము. తీర్థమను సంస్కృత శబ్దమునకు రేవని, పుణ్యజలమని యర్థము. కాని మన గోదావరి మండలములలో ‘తీర్థము’ అనగా జాతర, దానితోబాటు అంగళ్లు. కోటిపల్లి శివరాత్రి తీర్థము, మాఘమాసమున అంతర్వేది తీర్థము, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థము మీరందరును ఎరిగినవే. దేవుని కల్యాణము రాత్రి. హరికథ, బుఱ్ఱకథ, నాటకము రాత్రి. అనగా కౌటిల్యుడు మినహాయించిన ప్రేక్ష యిదియే. తెల్లవార్లు మేలుకొన్న జనమునకు ఆకలి గాదా? ఖర్జూరము, జీళ్లు, కరకజ్జము, పంచదార చిలుకలు, మూకుటిలో తేలుచున్న బజ్జీలు ఇట్లు వెలసినవే. తీర్థము వెళ్లి జీళ్లు కొనక వచ్చిన పెద్దను మన పిల్లలు గడప దాటనిత్తురా? అంగడి పెట్టినవాడు చెడుగైనచో, కొంగున కట్టుకొని వచ్చిన మన అవ్వల సంగతి యేమనవలెను?

ఉత్సవము ఒక తాళపుచెవి, ప్రయాణము రెండవది. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట పని 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తి గావించిరి. ఆ కాలువలు పొలములకు నీటితోబాటు ఊళ్లకు పడవలను తెచ్చినవి. కాలక్రమమున కాకినాడ మొదలు చెన్నపట్టణము వరకు కాలువల మీదనే పోవుటకు వీలు గలిగెను. పడవలు రాత్రులందును నడచెడివి. లాకులయొద్ద పడవ నిలిచినపుడు గట్టుమీద బుడ్డిదీపము పెట్టుకొని అటుకులు, బెల్లము, వేయించిన శనగలు అమ్మువారుండెడివారని మా తాతగారు చెప్పుచుండెడివారు. 1900లో గోదావరిపై రైలు వంతెన నడకకు వచ్చిన తరువాత ఆ బుడ్డిదీపములే స్టేషనుల కడకు చేరినవి. ఈనాడు రాజమహేంద్రవరమున దేవీచౌకు కడ, గోకవరము బస్సుస్టాండు కడ ప్రొద్దుపోయిన పిదప చూడుడు. పునుగులు, మిరపకాయ బజ్జీలు, పెసరట్లు, ముంతమసాలా అమ్ము బండ్లు వరుస తీరియుండును. తినువారెవరు? వేడుకకు వచ్చినవారు కొందరే. ఆసుపత్రిలో రోగియొద్ద కూర్చున్న చుట్టము, కడపటి బస్సు దిగిన కూలి, లారీ నడుపువాడు, వసతిగృహపు విద్యార్థి, వీరే పెక్కురు. వీరిలో మన యూరివారు లేరా?

ఇంటికి దూరమైన కూలికి వీధియే వంటయిల్లగుట అన్ని దేశములందును గలదు. శ్యామదేశమున 1782లో బాంకాకు నగరము రాజధాని యైనది. అదియు మన సీమవలెనే వరిపైరునకు, కాలువలకు నెలవైన డెల్టా. అచ్చటి కాలువలలో పడవమీదనే వండి, పడవమీదనే వడ్డించు నాచారము పుట్టినది. కుటుంబములను విడిచి వలస వచ్చిన చీనా కూలీలు ఆ వీధి వంటను మిక్కిలి పెంచిరి. నేడు ఆ దేశపు రాత్రి యంగళ్లను చూచుటకే ఖండాంతరములనుండి జనులు పోవుచున్నారు. మన తెలుగు కూలీలును అట్లే కాకినాడ రేవునుండి ‘రంగము’ పోయిరి. రంగమనగా బర్మాలోని రంగూనే. మన కోరంగి రేవు పేరుమీద వారినక్కడ కోరంగీలనిరి. 1942లో జపాను దండయాత్రకు వెఱచి పెక్కుమంది కాలినడకను తిరిగివచ్చిరి. 1962 తరువాత మరికొందరు వచ్చిరి. అట్లు వచ్చి విశాఖపట్టణమున స్థిరపడిన బర్మాక్యాంపులో నేటికిని సాయంకాలములందు ఖౌస్వే యను బర్మా సేమ్యా వంటకము అమ్ముచుందురు. సర్వమును పోగొట్టుకొని వచ్చినవారికి చేతిలో మిగిలిన యాస్తి వంట యొక్కటియే.

ఇంతవరకు చెప్పినది వినియు, “తినుట సరే, అమ్ముట నీచము కాదా?” యని యడుగువారుందురు. అసలు ముడి యిక్కడనే గలదు. మన కోనసీమలో, లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ గాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టి ‘అపర అన్నపూర్ణ’ యనిపించుకొన్నారు. గన్నవరమున వైనతేయ మీది ఆక్విడెక్టునకు ఆమె పేరే పెట్టిరి. ఆ కాలముననే, 1897లో అచ్చుపడిన గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ యను పాత్ర గలదు. ఆమెకు సొంత పేరైనను లేదు; వృత్తియే పేరు. సీతమ్మగారికి భూమి యుండెను, దానము చేసిరి. ఆ మహానుభావురాలికి శతకోటి నమస్కారములు. భూమి లేని వితంతువు ఏమి చేయవలెను? తన చేతివంటను అమ్ముకొని, ఒకరిని చేయిచాపి యడుగక బ్రదికినది. ఆకలిగొన్న బాటసారికి ఇరువురును అన్నము పెట్టినవారే. ఒకరిని పూజించి వేరొకరిని హేళన సేయుట న్యాయమా?

కొన్ని యేండ్ల క్రిందట ఒక రాత్రి రాజమహేంద్రవరమున బస్సుకై వేచియుండి, ఆకలిచే ఒక బండి కడకు పోయితిని. బండివాడు నన్ను చూచి చటుక్కున మొగము త్రిప్పుకొనెను. పరికించి చూడగా, మా బడిలో చదివి లెక్కలలో మొదటి మార్కులు తెచ్చుకొన్న శిష్యుడు. “మాస్టారండీ, మీరు ఇక్కడ నిలబడకండి. కబురు చేస్తే మీ ఇంటికే తెచ్చి ఇద్దును గదండీ” యని తలవంచుకొనెను. “ఏరా, నువ్వేమైనా దొంగతనం చేస్తున్నావా?” యని యడిగితిని. వాడు కొంతసేపూరకుండి, “కాదండీ. మొన్న మా అమ్మాయికి వచ్చిన సంబంధం, నాది పునుగుల బండని తెలిసి వెనక్కి పోయిందండీ” యనెను. వాని మూకుడు శుభ్రము, నూనె తాజా, లెక్క తప్పడు. ఆ బండి మీదనే తల్లికి మందులు, ఇరువురు బిడ్డలకు చదువులు. నాకు పునుగులు రుచించినవి గాని, ఆ మాట గొంతు దిగలేదు. ఆ సంబంధము వెనుకకు పంపినవారు పట్టణపు అధికారులు గారు, మనవంటి పెద్దలే.

రాజ్యాంగమును, చట్టమును మనకన్న ముందు నడచినవి. వీధిని కాలిబాటపై నిజాయితీగా వ్యాపారము చేసికొనుట, తగిన నియంత్రణలకు లోబడి, పౌరుని హక్కని సుప్రీముకోర్టు 1989లో తీర్పు చెప్పినది. 2014లో వీధి విక్రేతల రక్షణకు పార్లమెంటు చట్టము చేసినది. దాని ప్రకారము పట్టణమున విక్రేతలను లెక్కించి ధ్రువపత్రము లీయవలెను; ఆ లెక్క ముగియక పూర్వము వారిని తొలగింపరాదు. పట్టణ విక్రయ సంఘమున నూటికి 40 మందికి తక్కువ గాకుండ విక్రేతలే యెన్నికై యుండవలెను; వారిలో మూడవవంతు స్త్రీలు. సింగపూరున వీధివంటవారిని 1968 మొదలు నమోదు చేసి, నీటి వసతి, కాలువ వసతి గల కట్టడములలో చేర్చుచు 1986 నాటికి ఆ పని ముగించిరి. 2020లో ఆ వీధివంట సంప్రదాయమును యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది.

మనకును ఇట్టి గౌరవము దక్కకపోలేదు. ఆత్రేయపురపు స్త్రీలు బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీట గుడ్డ ముంచి, కుండమీద ఒక్కసారి లాగి, పొరను తీయుదురు. నెయ్యి, బెల్లము చేర్చి చుట్టిన ఆ పూతరేకు బాట ప్రక్కను, బస్సుల కడను అమ్ముడుపోవు సరకే. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానిని సాధించిన తయారీదారుల సంఘము పేరున సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు గలదు. నీరిచ్చినవానిని, ఆ నీట పండిన బియ్యముతో బ్రదుకువారు మరువలేదన్నమాట.

అట్లని వీధిని దొరకినదెల్ల తినుడని నేను చెప్పుట లేదు. మరగిన నూనెనే మరల మరల కాచువానిని, ఈగలు ముసరిన పళ్లెమును దూరముంచుడు. కాని శుచిని చూచి మెచ్చుడు, శుచి లేనిచో మందలింపుడు. వృత్తిని మాత్రము నిందింపకుడు. ఇంటిలో వండినను మడిలేని వంట మడిలేనిదే. వీధిలో వండినను శుభ్రమైనది శుభ్రమైనదే.

పెద్దలారా, మాఘమాసము వచ్చుచున్నది. పెండ్లి మాటలు మొదలగును. మీ యింటికొక సంబంధము వచ్చి, పిల్లతండ్రి రాత్రి బండి పెట్టుకొని బ్రదుకుచున్నాడని విన్నప్పుడు, అమరసింహుడు ఆ తండ్రికి మూడు పేర్లు పెట్టెనని తలచుకొనుడు. ఆ పిల్ల చదువెంత, గుణమెట్టిదని యడుగుడు. తండ్రి బండిని అడ్డు పెట్టకుడు. ప్రొద్దుపోయిన వేళ మీ బిడ్డ యే పరాయి పట్టణముననో ఆకలితో దిగినప్పుడు, వాని కొరకు పొయ్యి ఆర్పక కూర్చుండువాడు ఆ తండ్రివంటివాడే.