గుర్రం దిగిన సామ్రాజ్యం

తెలుగు పాఠకుల్లో చాలామందికి మంగోలులు తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ నవలతోనే పరిచయం. ఆ నవల చదివి పెరిగినవారికి తెముజిన్, అంటే తరవాతి చెంఘిజ్ ఖాన్, కష్టాలకు ఎదురీదిన వీరుడు. ఇరాన్ ప్రజల జ్ఞాపకంలో అదే మనిషి ఊళ్లకు ఊళ్లను నేలమట్టం చేసినవాడు. మంగోలియాలో ఆయన జాతిపిత. అక్కడి పెద్ద నోట్ల మీద ఆయన బొమ్మే ఉంటుంది. ఈ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. పశువుల వెంట తిరిగే కొద్దిపాటి జనం అంత నేలను ఎలా గెలిచారో, గెలిచాక తామే ఎలా మారిపోయారో చూస్తే ఈ మూడు బొమ్మలూ ఒకచోట కలుస్తాయి.

గడ్డి నేల బిడ్డలు

మంగోలుల ఆస్తి ఐదు రకాల పశువులు: గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె, మేక. రుతువు మారితే మేత మారుతుంది, మేతతో పాటు ఉన్నికంబళ్ల గుడారమూ మారుతుంది. నడక వచ్చిన కొద్ది కాలానికే పిల్లలు గుర్రమెక్కుతారు. వందలమంది వలయంగా కమ్ముకుని జంతువులను నడిమికి తరిమే సామూహిక వేటే వారికి యుద్ధ శిక్షణ. కానీ ధాన్యం, ఇనుము, బట్ట కావాలంటే సాగుదేశాలతో వ్యాపారమైనా చేయాలి, దోపిడీకైనా దిగాలి. ఉత్తర చైనాను ఏలిన జిన్ రాజులకు ఇది బాగా తెలుసు. ఒక తెగను మరో తెగ మీదికి ఉసిగొల్పి ఎవరూ బలపడకుండా చూసుకునేవారు.

1162 ప్రాంతంలో ఒనాన్ నదీతీరంలో పుట్టిన తెముజిన్ ఆ తగవుల మధ్యనే పెరిగాడు. తండ్రి యెసుగైని తాతార్లు విషం పెట్టి చంపారు. దిక్కులేని తల్లి హొయెలున్‌ను, పిల్లలను సొంత వంశమే నడిదారిలో వదిలిపెట్టి వెళ్లిపోయింది. దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని ఆమె బిడ్డలను బతికించింది. తరవాత పెళ్లాడిన బోర్తెను మెర్కిట్లు ఎత్తుకుపోతే, స్నేహితుల సాయంతో పోరాడి తెచ్చుకున్నాడు. రక్తసంబంధం ఆపదలో నిలవదని తెముజిన్ నేర్చుకున్నది పసితనంలోనే.

ఆ పాఠమే 1206లో రాజ్యాంగమైంది. ఒనాన్ నది మొదలయ్యే చోట జరిగిన కురుల్తాయ్ అనే మహాసభ ఆయనను చెంఘిజ్ ఖాన్‌గా ప్రకటించింది. ఆయన పాత తెగలను విడదీసి పది, వంద, వెయ్యి, పదివేల దళాలుగా కలగలిపాడు. అప్పుడు 95 వెయ్యి-దళాలు ఏర్పడ్డాయని ‘మంగోలుల రహస్య చరిత్ర’ చెబుతుంది. దళం విడిచి వెళ్లడం నేరం. పదవికి పుట్టుక కాదు, పనితనం గీటురాయి. ఒకప్పుడు శత్రువుల పక్షాన తన మీద బాణం వేసి, ఆ సంగతి దాచకుండా ఒప్పుకున్న జెబేను సేనానిని చేశాడు. రాతలేని జనానికి ఉయ్‌ఘుర్ లిపిని తెచ్చిపెట్టాడు.

ప్రకృతీ కలిసొచ్చింది. మంగోలియాలోని పాత చెట్ల కాండపు వలయాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 1211 నుంచి 1225 దాకా అక్కడ వానలు అరుదైనంత బాగా పడ్డాయని తేల్చారు. వాన అంటే గడ్డి, గడ్డి అంటే గుర్రం. మనిషికి మూడు నాలుగు గుర్రాలతో కదిలే సేనకు అంతకంటే ఏం కావాలి?

నిప్పు నడిచిన దారి

1215లో జిన్ రాజధాని ఝోంగ్‌దు, అంటే నేటి బీజింగ్, పడిపోయింది. కోటలను పడగొట్టే విద్యను మంగోలులు చైనా పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. 1218లో మధ్య ఆసియాలోని సిర్ దర్యా ఒడ్డున ఒత్రార్ పాలకుడు మంగోలుల వర్తక బిడారును గూఢచారుల ముఠా అన్న నెపంతో చంపించాడు. జవాబు అడగడానికి వెళ్లిన రాయబారినీ ఆ పాలకుడి ప్రభువైన ఖ్వారెజ్మ్ షా బతకనివ్వలేదు. ప్రతీకారంగా మంగోలులు దండెత్తగా 1220లో అతని నగరాలు బుఖారా, సమర్‌ఖండ్ కూలాయి. మరుసటి ఏడు మెర్వ్, నిషాపూర్‌లలో జరిగిన ఊచకోతకు ఆనాటి చరిత్రకారులు వేసిన లెక్కలు నమ్మలేనంత పెద్దవి. లెక్క ఎంతైనా, వందల ఏళ్లుగా పొలాలకు నీరిచ్చిన కాలువలు పూడిపోయి ఊళ్లు ఎడారి పాలైన మాట వాస్తవం. ఆ గాయాన్ని ఏ ఘనతా కప్పలేదు.

చెంఘిజ్ ఖాన్ 1227లో చనిపోయినా దండయాత్ర ఆగలేదు. 1240లో కీవ్ తగలబడింది. 1241లో హంగరీ సేన మోహీ దగ్గర ఓడింది. 1258లో చెంఘిజ్ మనవడు హులెగు బాగ్దాద్‌ను దోచి, అక్కడి చివరి అబ్బాసీ ఖలీఫాను చంపించాడు. 1260లో ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టు మమ్లూకులు తొలిసారి పడమటి దారికి అడ్డుగోడ కట్టారు.

గుర్రం దిగాక

గెలిచిన నేలను ఏంచేయాలి? ఉత్తర చైనా పొలాలన్నీ పశువుల మేతకు వదిలేద్దామన్న సలహా చెంఘిజ్ కొడుకు, వారసుడు ఒగెదై ముందుకు వచ్చిందట. ఖితాన్ మంత్రి యెలూ చూత్సాయ్ అడ్డుపడి, రైతును బతకనిస్తే ఏటా పన్ను వస్తుందని లెక్క చూపించాడు. మంగోలుల పాలన కథంతా ఆ లెక్కలో ఉంది.

మార్గమధ్యాల్లో మజిలీలు కట్టి, అంచె గుర్రాలను సిద్ధంగా ఉంచి ‘యామ్’ అనే తపాలాను నడిపారు. అధికార ముద్ర ఉన్న లోహపు బిళ్ల చూపితే చాలు, గుర్రమూ తిండీ దొరికేవి. బౌద్ధ, క్రైస్తవ, ముస్లిం మతగురువులకు పన్ను మినహాయింపు ఇచ్చారు. బాగ్దాద్‌ను కూల్చిన హులెగు మరుసటి ఏడాదే పండితుడు నసీరుద్దీన్ తూసీ కోసం ఇరాన్‌లోని మరాఘాలో ఖగోళశాల కట్టించడం మొదలుపెట్టాడు. 1267లో జమాలుద్దీన్ అనే పారశీక పండితుడు చెంఘిజ్ మరో మనవడు కుబ్లాయ్ ఖాన్‌కు ఖగోళ పరికరాలు సమర్పించాడు.

కుబ్లాయ్ 1271లో యువాన్ వంశాన్ని ప్రకటించి, 1279 నాటికి చైనా మొత్తాన్ని ఏలాడు. అప్పటికే చెంఘిజ్ సంతతి నాలుగు పాయలుగా చీలింది. చైనాలో వారు చక్రవర్తులయ్యారు. ఇరాన్‌లో గజాన్ 1295లో ఇస్లాం స్వీకరించాడు. వోల్గా తీరపు స్వర్ణ దండువారు, మధ్య ఆసియా చగతాయ్‌లు కూడా కాలక్రమంలో ముస్లింలయ్యారు. తాతల గుడారాలు మనవలకు పరాయివయ్యాయి.

ఆ దారులు మన తీరాన్నీ తాకాయి. కుబ్లాయ్ కొలువులో పనిచేసి, 1290ల్లో మంగోలు రాకుమారి వెంట ఓడలో ఇరాన్‌కు బయలుదేరిన మార్కో పోలో తన గ్రంథంలో ‘ముత్ఫిలి’ రాజ్యాన్ని, దాన్ని ఏలిన రాణిని, వజ్రాలను, సన్నని నేతబట్టలను వర్ణించాడు. అది మోటుపల్లి రేవని, ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. వర్తకంతో పాటు మంగోలుల భయమూ మన దాకా వచ్చింది. 1303లో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేన ఓరుగల్లు మీదికి వచ్చి విఫలమైంది. అదే ఏడు చగతాయ్ సేనాని తరఘీ ఢిల్లీని చుట్టుముట్టాడు. ఆ భయంతోనే అల్లావుద్దీన్ సైన్యాన్ని పెంచి, దాన్ని పోషించడానికి అంగళ్లలో ధరలు కట్టడి చేశాడు. 1309లో అల్లావుద్దీన్ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు మీదికి బయలుదేరినప్పుడు అతని వెనక ఉన్నది అలా బలపడ్డ సుల్తానేట్.

మిగిలింది

వర్తకులు నడిచిన దారిలోనే రోగమూ నడిచింది. 1346లో నల్లసముద్రపు కఫ్ఫా రేవును ముట్టడించిన స్వర్ణ దండులో ప్లేగు ప్రబలింది; మరుసటి ఏడాదికి ఓడలెక్కి ఇటలీ చేరింది. కరువులు, వరదలు, విలువ పోయిన కాగితపు డబ్బు చైనాలో తిరుగుబాటును రగిలించగా 1368లో మింగ్ వంశం యువాన్ పాలకులను తరిమేసింది. తల్లి వైపు చెంఘిజ్ వారసుడైన బాబరు 1526లో ఢిల్లీ గెలిచాడు. మన నోట నలిగే ‘మొగలాయి’ అన్న మాట మంగోలు పేరుకు పారశీక రూపమే.

చెంఘిజ్ బాల్యం గురించి మంగోలులే చెప్పుకున్న కథ ‘రహస్య చరిత్ర’. హొయెలున్ దుంపలు తవ్వడం, జెబే నిజం ఒప్పుకోవడం మనకు తెలిసింది దానివల్లే. ఆ గ్రంథం ఉయ్‌ఘుర్ లిపి మూలం ఇప్పుడు లేదు. మింగ్ కాలపు చైనా లేఖకులు, దుబాసీలకు మంగోలు భాష నేర్పడానికి, ఆ మాటల ధ్వనిని చైనా అక్షరాల్లో పెట్టి రాసుకున్న ప్రతి వల్ల అది బతికింది. దేశాలను గెలిచినవారి సొంత గొంతు, వారిని వెళ్లగొట్టినవారి లిపిలో మిగిలింది.