మోటబాయి కూర, మూసీ కూర

మా అమ్మ కల్వకుర్తి అంగట్లో ఆకుకూర అమ్మేది. పుంటికూర, తోటకూర, పాలకూర, అంచుకు నాలుగు వరుసల కొత్తిమీర. అరెకరం మడులకు ఒక మోటబాయి. 1960ల్లో మాకింకా కరెంటు మోటారు లేదు. రెండెద్దులు మోటదారిలో దిగితే తోలుబొక్కెన పైకొచ్చి, తొండంలోంచి నీళ్లు తొట్టిలోకి దుమికేవి. అక్కణ్నుంచి కాలువ, కాలువలోంచి మడులు. ఓ పొద్దున ఆ కాలువ గట్టున కూచుని కడుక్కోబోతుంటే అమ్మ చేతిలో పార పడేసి ఉరికొచ్చింది. "ఒరేయ్, ఆ నీళ్లు కూరమడికి పోతయిరా! చెంబు తీస్కొని అవతలికి పో" అని వీపు మీద ఒకటేసింది.

తర్వాత నేను ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో పనిచేశాను. అమ్మ అన్నదానికి అక్కడ పేర్లు దొరికాయి. మా దిక్కు పసిరికలనే కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ, వాంతులు విరేచనాలు పట్టించే నోరోవైరస్ మనిషి మలంతో బయటపడతాయి. మురుగునీళ్లతోనో, మాగని పెంటతోనో, కోసేవాళ్ల చేతులతోనో మడిలోనే ఆకుకు అంటుకుంటాయి. ఆకు మీద అవి పెరగవు, కానీ చల్లగా, తడిగా ఉంటే రోజుల తరబడి చావవు కూడా. కడిగితే కొంత పోతుంది, అంతా పోదు. నోరోవైరస్ కణాలు పదుల్లో ఉన్నా మనిషి మంచాన పడొచ్చు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకే హోటల్లో తిన్న సుమారు 600 మందికి కామెర్లు వచ్చి ముగ్గురు పోయారు. కారణం మెక్సికో నుంచి వచ్చిన పచ్చి ఉల్లికాడలు. హోటల్ గడప తొక్కకముందే వాటికి వైరస్ అంటిందని తేల్చారు.

మా పాతకాలం శుద్ధమైందని మాత్రం అననండి. మా బాయికి ఒర లేదు. వానకు గట్టు మీదిదంతా అందులోకే పోయేది. మమ్మల్ని కాపాడింది పొయ్యి. పుంటికూర పచ్చిగా ఎవరు తింటారు? ఉడికించి, ఎనిపి, ఎల్లిగడ్డ పోపు పెట్టాల్సిందే. మా ఇంట్లో పచ్చిగా తిన్నది ఉల్లిగడ్డ ఒక్కటే. కీరా ముక్కలు, పైన చల్లే కొత్తిమీర మా పిల్లల కాలంలో వచ్చిన ముచ్చట్లు.

హైదరాబాద్ పట్నం కథ వేరు. 1908 సెప్టెంబర్ మూసీ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టడం పూర్తయింది. మంచినీళ్లు ఊరికి పైనే ఆగిపోయాయి. ఊరు పెరిగినకొద్దీ దిగువన మూసీలో పారేది ఎక్కువగా ఊరు వాడి వదిలిందే. అయినా పీర్జాదిగూడ, పర్వతాపురం దిక్కు రైతుకు అది వరం. మేం మొగులు దిక్కు చూస్తుంటే వాళ్లకు ఎండాకాలంలోనూ నీళ్లు. వరి వేశారు, పశువులకు పారాగడ్డి పెంచారు, ఆకుకూరలూ వేశారు. ఆ రైతును నేను తప్పుపట్టను, నీళ్లు మురికి చేసింది ఆయన కాదు. 1985లో అంబర్‌పేటలో మురుగుశుద్ధి మొదలైంది. కానీ నీళ్లు తేటబడ్డంత మాత్రాన వైరస్ పోయినట్టు కాదు. పచ్చిగా తినే పంటకు పెట్టే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు 1000కి మించి మలబ్యాక్టీరియా ఉండొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. ఆ లెక్క బ్యాక్టీరియాది. వైరస్ ఆ లెక్కలోకి రాదు.

మా దిక్కు ఇప్పుడు ఎత్తిపోతల కృష్ణ నీళ్లు కాలువల్లో పారుతున్నాయి. అవి ఎల్లూరు దగ్గర, శ్రీశైలం జలాశయంలోంచి ఎత్తినవి. మూసీ కృష్ణలో కలిసేది ఎంతో దిగువన, వాడపల్లి దగ్గర. అంటే మూసీ మా ఊరికి కాలువలో రాదు. వస్తే బండెక్కే రావాలి. మొన్న అంగట్లో కొత్తిమీర కట్ట పట్టుకుని ఏ ఊరిదమ్మా అనడిగాను.

"పట్నం మార్కెట్ది సారూ. ఏ మడిదో నాకేం ఎర్క?"

ఆమె తప్పేముంది. కట్ట కొన్నాను. ఇంట్లో ఇప్పుడు చారు మసులుతుండగానే వేస్తున్నాం కొత్తిమీర. వాసన కొంచెం తగ్గిందని మా మనవరాలు మూతి ముడుస్తుంది.