పైకప్పుకూ వాగుకూ నడుమ: వాననీటి హరిత నిర్మాణాల ఫలితంపై ఒక పరిశీలన

నగరంలో ఇంటి కప్పు మీద పడ్డ వాన పెరట్లోకి జారితే నేల తాగుతుంది. అదే నీరు గొట్టంలో పడితే నిమిషాల్లో వాగు చేరుతుంది. అప్పుడు చిన్న జల్లుకే వాగు ఉరకలెత్తి గట్లను కోసేస్తుంది. రోడ్ల మీది నూనె, మట్టి, వేడి కూడా దాంతోపాటే దిగుతాయి. ఈ లక్షణాలన్నిటినీ 2005లో పరిశోధకుడు క్రిస్టఫర్ వాల్ష్ బృందం ‘పట్టణ వాగుల రుగ్మత’ పేరుతో సమీక్షించింది. వాననీటి తోటలు, ట్యాంకులు, నీరింకే బాటలు వంటి హరిత నిర్మాణాలు ఈ రోగాన్ని ఎంతవరకు కుదురుస్తాయన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దాదాపు 60 శాతం ప్రాంతానికి మురుగుకూ వానకూ ఒకటే గొట్టం. గట్టి వానకు అది పట్టక, మురుగు కలిసిన నీరు నదుల్లోకి పొర్లుతుంది. 2011లో మొదలైన 25 ఏళ్ల ప్రణాళిక ఈ పొర్లును ప్రధానంగా హరిత నిర్మాణాలతోనే తగ్గించదలచింది. అక్కడి కొలమానం ‘హరిత ఎకరం’: ఎకరం నీరింకని గట్టినేల మీద పడే మొదటి అంగుళం వానను, అంటే సుమారు 1.03 లక్షల లీటర్లను, పట్టి ఉంచగలగాలి. 2021 సెప్టెంబరులో ఐడా తుపాను వానలకు స్కూల్‌కిల్ నది పొంగి, నగరం నడిబొడ్డున వైన్ స్ట్రీట్ ఎక్స్‌ప్రెస్‌వే మునిగింది. అంగుళం వానకు లెక్కకట్టిన వీధి తోట నది వరదను ఆపలేదు. పొర్లు తగ్గడం వేరు, వరద ఆగడం వేరు, వాగు కోలుకోవడం వేరు.

మూడోదాన్ని నేరుగా పరీక్షించిన చోటు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు తూర్పున, మౌంట్ ఎవెలిన్‌లోని లిటిల్ స్ట్రింగీబార్క్ వాగు. పరిశోధకులు ఇంటివారికి ప్రోత్సాహకమిచ్చి ట్యాంకులు, వాననీటి తోటలు పెట్టించారు. పోల్చడానికి ఇతర వాగులనూ గమనిస్తూ, నిర్మాణాలకు ముందూ తర్వాతా కలిపి 19 ఏళ్లు నీటిని పరీక్షించారు. ఫాస్ఫరస్, వేసవి ఉష్ణోగ్రత తగ్గాయి. అయితే ముందు రోజుల్లో వానలు ఎక్కువగా కురిసినప్పుడు ఆ మేలు తగ్గింది.

మేలు ఇలా తగ్గడానికి కారణం ట్యాంకులోనే వెతకవచ్చు. నిండిన ట్యాంకు మరో పైకప్పుతో సమానం. పడ్డ చుక్క పడ్డట్టే బయటికి పోతుంది. ఆ నీటిని రోజూ మరుగుదొడ్డికీ బట్టలుతకడానికీ వాడితేనే తర్వాతి వానకు చోటు దొరుకుతుంది. తోటదీ అదే కథ. నీరు లోపలికి రావడానికి రోడ్డు అంచున కోసిన సందులో నాలుగు ఆకులు అడ్డుపడితే, వాన తోట పక్కనుంచే డ్రైనులోకి పోతుంది.

కాబట్టి ఫలితాన్ని తోటల సంఖ్యతో కాక, డ్రైను నుంచి విడదీసిన గట్టినేల వాటాతో కొలవాలి. ఇంకుడు గుంట తెలుగువారికి కొత్త కాదు. 2002 నాటి ‘వాల్టా’ (నీరు, భూమి, చెట్ల) చట్టం వాననీటి సంరక్షణకు చోటిచ్చింది. అక్కడి ధ్యేయం ముఖ్యంగా భూగర్భజలం. వాగు మేలు కూడా కోరితే, తనిఖీకి వచ్చినవారు గుంట ఉందా అని చూసి ఊరుకోకూడదు. కప్పు మీది గొట్టం ఎందులోకి దిగుతోందో, నిరుటి పూడిక తీశారో లేదో వంగి చూడాలి.