ప్రతిభావంతులైన పిల్లల విద్య: గుంటూరు, ప్రకాశం ప్రాంతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లోని చురుకైన పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో ప్రత్యేక విద్య అందించే ప్రయత్నం 1970ల తొలినాళ్లలో మొదలైంది. తాడికొండ గురుకులం, నవోదయ విద్యాలయాలు, ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఇందులో ముఖ్య ఘట్టాలు.

నేపథ్యం

నల్లరేగడి పొలాల్లో పత్తితీతలు, మిరపకోతలు బడి నడిచే నెలల్లోనే వస్తాయి. మిరపకోతలు జోరుగా సాగే రోజులూ, వార్షిక పరీక్షలకు చదువుకోవలసిన రోజులూ దాదాపు ఒకటే. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కోతలకు వలస వచ్చే కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకొస్తాయి. పెద్దపిల్ల చేలో కాయ కోయాలి, లేదంటే చంటిబిడ్డను చూసుకోవాలి. ఎంత తెలివైన బిడ్డకైనా చదువుకునే వేళా, చోటూ కరవవుతాయి.

తాడికొండ గురుకులం

పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలిసింది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో మరో రెండు ఏర్పడ్డాయి. ప్రవేశ పరీక్షలో నెగ్గిన పల్లె పిల్లలకు చదువుతోపాటు తిండి, వసతి కూడా అక్కడే. గురువులూ అందుబాటులోనే ఉంటారు. రాత్రి చదువు వేళలో సందేహం వస్తే అప్పుడే తీరుతుంది. ఇంట్లో దొరకని తీరిక ఇక్కడ దినచర్యలో భాగమైంది. ఈ విధానపు అసలు బలం ఇదే.

నవోదయ విద్యాలయాలు

1986 జాతీయ విద్యావిధానం గురుకుల ఆలోచనను నవోదయ విద్యాలయాల రూపంలో దేశమంతటికీ విస్తరించింది. అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కూడా పి.వి.యే. ఉమ్మడి గుంటూరు జిల్లాకు చిలకలూరిపేట సమీపాన మద్దిరాలలో, ప్రకాశం జిల్లాకు ఒంగోలులో నవోదయలు ఉన్నాయి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలోని 80 ప్రశ్నల్లో 40 మేధాశక్తికి సంబంధించినవి; మిగతావి లెక్కలు, భాష. అందువల్ల ట్యూషన్ ఎరుగని పిల్లలకూ కొంత అవకాశం ఉంటుంది. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణులకు, మూడో వంతు బాలికలకు కేటాయించారు.

ట్రిపుల్ ఐటీ

పదో తరగతిలో మెరిసిన గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంటర్, ఇంజినీరింగ్ కలిపి ఆరేళ్ల చదువు. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ ప్రాంగణాలు దీనికి తోడయ్యాయి.

అంచనా

ఈ సంస్థలు రైతు, కూలీ ఇళ్ల పిల్లలకు ఉన్నత విద్య దారి చూపాయి. అయితే ప్రవేశ పరీక్ష రాయని బిడ్డ ప్రతిభ వాటి కంట పడదు. ఒక నవోదయ ఏటా ఆరో తరగతిలో చేర్చుకునేది సుమారు 80 మందిని. మిగిలిన పిల్లలంతా ఊరిబడిలోనే ఉంటారు. 2020 జాతీయ విద్యావిధానం బడుల్లో, బడుల సముదాయాల్లో, జిల్లా స్థాయిలో ఆసక్తి ఉన్న పిల్లలకు క్లబ్బులు పెట్టాలని సూచించింది. జిల్లా పరిషత్ బడిలో తెరిచి ఉంచిన గ్రంథాలయం, పనిచేసే ప్రయోగశాల, పిల్లవాడి ప్రశ్నకు విసుక్కోని పంతులు ఉంటేనే ఆ సూచన నెరవేరుతుంది. ప్రతిభను ఎంపిక చేయడంతో ప్రభుత్వ బాధ్యత తీరదు. ఆ ప్రతిభ ఎదిగే వసతిని ప్రతి ఊరికీ చేర్చాలి.