మిస్ లేయర్డ్ చెకుముకి రాళ్ళు

పొలం దున్నేటప్పుడో, మట్టి తవ్వేటప్పుడో ఒక చెకుముకి పనిముట్టు బయటపడితే ‘యాదృచ్ఛికంగా దొరికింది’ అని రాసేస్తుంది చరిత్ర. ఎవరికి దొరికింది, దాన్ని పోల్చుకున్న కళ్ళెవరివి అన్నది నా ప్రశ్న.

ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ దగ్గర, ఫాక్స్‌హాల్ రోడ్డు పక్కన ఇటుకల మట్టి తీసే గోతిలో ఇలాగే చెకుముకి చేతిగొడ్డళ్ళు బయటపడ్డాయి. 1903-05 మధ్య అక్కడ తవ్వకాలు జరిపించింది నీనా ఫ్రాన్సెస్ లేయర్డ్ అనే కవయిత్రి. అప్పటికామెకు 50 ఏళ్ళు. ఏ రాయి ఏ పొరలో, ఎంత లోతులో ఉందో రాసిపెట్టింది. ఆ రాతల సాయంతోనే నూరేళ్ళ తర్వాత పరిశోధకులు ఆ చోటును మళ్ళీ పరిశీలించగలిగారు. ఆ గొడ్డళ్ళు సుమారు 4 లక్షల ఏళ్ళ నాటివని ఇప్పటి అంచనా.

అయినా లండన్‌లోని సొసైటీ ఆఫ్ యాంటిక్వెరీస్ స్త్రీలను ఫెలోలుగా చేర్చుకున్నది 1921లోనే. ఆ ఏడాది చేరిన కొద్దిమందిలో ఆమె ఒకతె. గోతిలో పార పట్టిన కూలీలు అలాంటి జాబితాలకు ఎక్కేవాళ్ళు కారు, అదీ గుర్తుంచుకోవాలి.

ఇంతకీ ఆ గొడ్డళ్ళను చెక్కిందెవరు? మన పాఠ్యపుస్తకాలు ‘ఆదిమానవుడు’ అనేస్తాయి. ఆ ‘డు’కి రాతిలో ఆధారం లేదు. చేతిగొడ్డలి మీద కనిపించేవి దెబ్బల గుర్తులే. కొట్టింది ఆడచెయ్యో మగచెయ్యో అవి చెప్పవు.